జేబులో తెచ్చిన చుక్కల మందు

13 సెప్టెంబరు 2011, మంగళవారం

సమ్మె మొదలైంది. పది గంటలకు పశువుల దవాఖాన కిటికీలు బిగించి, కరెంటు మెయిన్ ఆపి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఏ పనీ ఇంత పద్ధతిగా చేసినట్టు గుర్తులేదు.

వేణు పక్కనే నిలబడి చూశాడు. ఉద్యోగంలో నాకంటే జూనియర్, జేఏసీలో నాకంటే సీనియర్. "ఉప్పలన్నా, గీసారి సంతకం పెట్టవు గద?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫిబ్రవరిలో సహాయ నిరాకరణప్పుడు అలవాటు కొద్దీ హాజరు పట్టీలో సంతకం పెట్టేశాను. మర్నాడు నా కుర్చీకి గాజుల దండ వేలాడింది. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కాని ఆ గాజుల చప్పుడు ఇంకా చెవిలోంచి పోలేదు.

నా భార్య బుచ్చి మహబూబాబాద్‌లో ఉంది. మనవడికి జ్వరమంటే కూతురు రజిత దగ్గరికి పోయింది. ఇంట్లో నేనొక్కడినే. మందుల కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ, రాయడానికి ఏమీ లేక ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. ఇప్పుడు చేయడానికి ఏమీ లేక రాస్తున్నాను.

15 సెప్టెంబరు

లంబాడీ తండా నుంచి రుక్కి వచ్చింది. గంప దించి, గడప బయటే కూర్చుని, "సారూ, మీ కోడి పోయింది" అంది.

పోయినేడు బుచ్చి ఆమెకు పొడల కోడిపెట్టను పాలుకు ఇచ్చింది. కోడి మాది, మేత, కాపలా ఆమెవి, పిల్లల్లో చెరిసగం. ఆ కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయిందట. గంప మీది గుడ్డ తీస్తే పద్నాలుగు పిల్లలు, పుట్టి వారమే అయినవి, ఒకదాని కిందకు ఒకటి దూరుతున్నాయి.

"తల్లి లేనివి సారు. గుడిసెల సలికి సస్తయి. మీ ఇంట్ల కరెంటు బుగ్గ కింద పెట్టుకోర్రి. రెక్కలొచ్చినంక గూట్లకు తీస్కపోత."

ఆమె మొగుడు దేవ్యా ట్రాక్టరు మీంచి పడి, తుంటి విరిగి, అయిదు నెలలుగా మంచంలో ఉన్నాడు. ఆమె కూలికి పోతే అతన్ని చూసేవాళ్లు లేరు. "గుడ్లమ్ముకోనే ఎల్లదీస్తున్న. గివ్వి పోతే మల్ల మొదలువెట్టుడు నాతోని గాదు" అంది. ఏడవలేదు. వాన వచ్చేట్టుందని చెప్పినట్టు చెప్పింది.

"ఒక్కటి గుడ పోదు, నేను జూస్కుంట" అన్నాను. ఎందుకన్నానో! సమ్మెలో ఉన్నవాడికి నోరొక్కటే పనిచేస్తుంది.

16 సెప్టెంబరు

మందుల అట్టపెట్టె, అడుగున ఊక, పైన అరవై వాట్ల బల్బు. పద్నాలుగూ బల్బు కింద గుండ్రంగా పడుకున్నాయి. నాకంటే బాగా నిద్రపోయాయి.

19 సెప్టెంబరు

ఈ రోజు నుంచి బస్సులూ లేవు. బుచ్చి అక్కడే చిక్కుకుపోయింది. ఫోన్‌లో ముందు కోడి సంగతే అడిగింది. "నా పొడల కోడి పోయిందా? నువ్వేం జేస్తున్నవయ్యా మరి?" తండాలో పిల్లి ఎత్తుకుపోతే నేనేం చేస్తాను! మనవడికి జ్వరం తగ్గిందట, అది ఆఖరున చెప్పింది.

బొగ్గు బాయిలు బందయ్యాక కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. భూపాలపల్లిలో కార్మికులు బాయి దిగనందుకు నా పెట్టెలో బల్బు ఆరిపోతోంది. అదే సమ్మెకు ఊళ్లో వేసిన టెంటు కింద కూర్చుని, బాయి దిగనివాళ్లకు నేనే చప్పట్లు కొడుతున్నాను. ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. కరెంటు పోయినప్పుడల్లా ఖాళీ సెలైన్ సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత పంచె చుట్టి పెట్టెలో పెడుతున్నాను. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి. పిల్లలు వాటిని తల్లిని ఆనుకున్నట్టే ఆనుకుంటున్నాయి. నాకు కళ్లు మండుతున్నాయి.

23 సెప్టెంబరు

జీతం రాదని తెలిసే దిగాం. దాని గురించి రాయను. పద్నాలుగూ ఉన్నాయి.

28 సెప్టెంబరు

రుక్కి రెండు రోజులకోసారి చెదలు తెస్తోంది. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి నేల మీద బోర్లిస్తే పొద్దుటికల్లా చెదలు నిండుతాయట. పెట్టెలో దులిపితే పిల్లలకు పండగే. ఈ రోజు దులిపి, చేతులు తుడుచుకుని, "ఇంకెప్పుడు సారూ బయటికి?" అంది.

టెంటు దగ్గరికొచ్చే ప్రతివాడూ "ఎప్పుడొస్తదే తెలంగాణ?" అని అడుగుతాడు. ఇంటికొస్తే ఈమె. రెండింటికీ నా దగ్గర ఒకటే జవాబుంది: ఇంకో వారం.

కాని పిల్లల సంగతి నాకు నిజంగానే తెలుసు. నా పనే అది. మూడు చూడాలి. వీపు మీది నూగు పోయి ఈకలు కప్పుకోవాలి. వీటికి రెక్కలొచ్చాయి కాని వీపులింకా బోసిగానే ఉన్నాయి. గూటికి పిల్లి చెయ్యి దూరని తలుపుండాలి. మూడోది, కొక్కెర రోగం రాకుండా కంట్లో చుక్కల మందు వేయాలి. వేశాక వారం రోజులు ఇంట్లోనే ఉంచి, అప్పుడు వదలాలి. రుక్కికి మొదటి రెండూ చెప్పి ఊరుకున్నాను.

"మరి చుక్కలు?" అని ఆమే అడిగింది.

"సమ్మెల ఉన్నం గద రుక్కీ."

తల ఊపింది. సమ్మె అంటే ఆమెకూ గౌరవమే. మొన్న రాస్తారోకోలో మా అందరికంటే ముందు ఆమే కూర్చుంది.

2 అక్టోబరు, ఆదివారం

తండాలో అవతలి వాడకు కొక్కెర వచ్చింది. మెడలు తిరిగి, పచ్చగా పారి, ఎనిమిది కోళ్లు పోయాయట. రుక్కి ఇది బయట నిలబడే చెప్పింది, గడప తొక్కలేదు. కాళ్లకంటిన మన్నుతో రోగం వస్తుందని పోయినేడు తండాలో నేనే చెప్పాను. గుర్తుపెట్టుకుంది.

"సారూ, జర చుక్కలెయ్. తాళంచెవి నీ కాడనే ఉన్నదట గద."

"వేణునొకసారి అడిగి చెప్త" అన్నాను. ఆవు ఈనలేక అవస్థ పడితే తాళం తీయవచ్చని మొదటి రోజే అనుకున్నాం. కోడిపిల్లల గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. రేపు అడుగుతాను.

3 అక్టోబరు

అడగలేదు.

4 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. ఆడవాళ్లు టెంటు ముందే ఆడారు. వేణు మంచి హుషారు మీదున్నాడు. అడగడానికి ఇది సందర్భం కాదనిపించింది.

6 అక్టోబరు

దసరా. జమ్మి చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునేటప్పుడు వేణు చెవిలో అడుగుదామనుకున్నాను. "ఇగ వచ్చుడు ఖాయమన్నా" అని వాడే నా చెవిలో అన్నాడు. వాడి మొహం చూశాక కోడిపిల్లల మాట ఎత్తబుద్ధి కాలేదు. కాదు, అది కూడా అబద్ధమే. మళ్లీ గాజులు వేలాడతాయని భయమేసింది. యాభై రెండేళ్ల మనిషిని.

8 అక్టోబరు, శనివారం

రోడ్డు మీద వంటావార్పు. అందరూ పొయ్యిల దగ్గరున్నారు. నీళ్లు తెస్తానని బిందె పట్టుకుని, వెనక సందులోంచి దవాఖానకు పోయాను. ఇరవై ఆరేళ్లు తాళం తీసిన తలుపును దొంగలా తీశాను.

ఫ్రిజ్‌లో చుక్కల మందు ఉంది. కరెంటు కోతల వల్ల చల్లదనం కాస్త తగ్గినట్టుంది. సీసా చేతికి చల్లగానే తగిలింది. ఐసు లేదు, ఈ రోజుల్లో ఊళ్లో ఎక్కడా దొరకదు. జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. ఎంత దూరం, నాలుగడుగులు.

రుక్కిని ముందే రమ్మన్నాను. కాళ్లు కడుక్కుని వచ్చింది. నేను జేబులోంచి సీసా తీస్తుంటే నా చేతివంక చూసింది. తర్వాత ఒక్కో పిల్లనూ పట్టి ఇచ్చింది, నేను కంట్లో చుక్క వేశాను. ఎంత పొందికగా పట్టుకుంటుందో! ఒక్కటీ తన్నుకోలేదు. పోయేటప్పుడు "నీ కడుపు సల్లగుండ సారు" అంది.

వేణుకు తెలియలేదు. బిందెలో నీళ్లు మరిచిపోయానని తిట్టాడు, అంతే.

10 అక్టోబరు

సీసా చల్లగానే తగిలింది.

12 అక్టోబరు, బుధవారం

చుక్కలు వేసి నాలుగు రోజులే అయింది. వారం ఆగాలి. కాని పెట్టె ఇరుకై ఒకదాని తోక ఒకటి పొడుచుకుంటున్నాయి. రెండింటికి నెత్తురు వచ్చింది. వీపులు నిండాయి. చలి కూడా ఇంకా పడలేదు. ఇవన్నీ నిజమే. పొద్దున లేచి ఆ పెట్టె చూడలేకపోతున్నానన్నది కూడా నిజమే.

"తీస్కపోదాం" అని నేనే కబురు పెట్టాను. గంపలో పెట్టుకుని ఇద్దరం నడిచి పోయాం. రుక్కి గూడు బాగా చేసింది. మట్టి గోడలు, పైన బండ, అడుగున బూడిద చల్లి ఆరబెట్టింది. తలుపుకు పాత రేకు, దానికి అడ్డంగా ఇనుప గొలుసు. దేవ్యా మంచం మీద నుంచే మెడ చాచి, "గొలుసు ఇంకో సుట్టు తిప్పు" అని నాకు పని చెప్పాడు. తిప్పాను. పిల్లలు లోపలికి పోయి, ఒక్క నిమిషం నిలబడి, బూడిదలో పొర్లడం మొదలుపెట్టాయి. రుక్కి నవ్వింది. ఈ నెల రోజుల్లో ఆమె నవ్వడం ఇదే చూశాను.

"పద్నాలుగు సారు! ఒక్కటి గుడ పోలే. నువ్వన్నట్టె."

చాయ్ ఇస్తే సగమే తాగి వచ్చేశాను. ఇంట్లో కీచుకీచు లేదు. హాయిగా ఉండాలి కదా.

16 అక్టోబరు

బస్సులు మళ్లీ తిరుగుతాయంటున్నారు. ఒక పిల్ల మేత ముట్టడం లేదని రుక్కి కబురు పంపింది. చలి తగిలి ఉంటుంది. పసుపు, ఎల్లిపాయ దంచి పెట్టమన్నాను.

17 అక్టోబరు

బుచ్చి వచ్చింది. పెట్టె ఖాళీగా చూసి, "అప్పుడే పంపినవా?" అంది. అయిదు వారాలు నిండాయి కదా అన్నాను.

18 అక్టోబరు

మూడు పోయాయి. నూకలు అరగలేదేమో.

19 అక్టోబరు

మొత్తం ఆరు.

20 అక్టోబరు

పోకుండా ఉండలేక తండాకు పోయాను. ఒక పిల్ల గూటి పక్కన మెడ వెనక్కి తిరిగిపోయి గిరగిర తిరుగుతోంది. చూడగానే తెలిసింది. ఇది చలి కాదు, నూకలు కావు, కొక్కెరే. ఎనిమిది అప్పటికే పోయాయి. రుక్కి వాటిని దూరంగా గుంట తీసి పాతిపెట్టింది, పైన సున్నం కూడా చల్లింది. నేను నేర్పిందే.

మంచం మీద నుంచి దేవ్యా వాళ్ల మాటలో ఏదో అన్నాడు. రుక్కి ఒక్క ముక్కలో జవాబిచ్చింది. నాకు వాళ్ల భాష రాదు. 'సారు' అన్న మాట ఒక్కటే అర్థమైంది.

"చుక్కలు ఏసినం గద సారూ?" అని రుక్కి నన్నడిగింది.

"ఒక్కోసారి పట్టదు" అన్నాను. ఎంత నీచమైన నోరు నాది! రుక్కి నా మొహంలోకి చూడలేదు. తిరుగుతున్న పిల్లను ఒళ్లోకి తీసుకుని, మెడ చేత్తో నిలబెట్టి పట్టుకుంది. నేను వచ్చేదాకా అట్లాగే కూర్చుంది.

21 అక్టోబరు

బుచ్చి పడుకుంది. రాయాలి.

సీసా చల్లగా తగల్లేదు. ఆ రోజు ఫ్రిజ్ తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన కొట్టింది. పై అరలో ఐసు కరిగి, ఆ నీళ్లు కూడా ఎండిపోయి, తెల్లటి మరక మిగిలింది. కరెంటు కోతలకు అట్లా కాదు. నెల నుంచి కరెంటు లేకపోతే అవుతుంది. సమ్మె మొదటి రోజు మెయిన్ ఆపింది నేనే. సెలవులకు ఆపడం అలవాటు. ప్రతిసారీ సెలవు ముందు మందులను ఘనపూర్ దవాఖానకు పంపించి, అప్పుడు ఆపుతాం. ఈసారి వేణు చూస్తున్నాడని, నా పద్ధతి చూపించాలని, ముందు మెయినే ఆపాను.

మందు చచ్చిందని నాకు తెలుసు. అక్కడే తెలుసు. "లేదు రుక్కీ" అనడానికి నోరు రాక, తాళం తీశానన్న తృప్తి కోసం, పద్నాలుగు కళ్లలో నీళ్లు పోశాను.

24 అక్టోబరు, సోమవారం

సమ్మె వాయిదా వేశారు. నలభై రెండు రోజులు. టెంటు విప్పేశాం. వేణు కర్రలు మోసి మోసి, "ఏమొచ్చిందన్నా?" అని అక్కడే కూర్చుండిపోయాడు. వాడి వీపు మీద చెయ్యి వేశాను.

తండాలో నాలుగు బతికాయట.

25 అక్టోబరు

దవాఖాన తెరిచాం. మెయిన్ వేశాను. చేతులు కాలాక ఆకులు. వేణు ఫ్రిజ్ తీసి ముక్కు మూసుకున్నాడు. "అన్నా, గిదేంది, మొత్తం పాడైంది?"

"మెయిన్ నేనే ఆపిన" అన్నాను. రుక్కి పిల్లల సంగతీ చెప్పాను. చెప్పాక గాజుల కోసం ఎదురుచూశాను.

వాడు ఫ్రిజ్ తలుపు మూశాడు. తర్వాత, "నన్నొక మాట అడిగితే ఏమైతుండె? నేనే వరంగల్ కెల్లి తెప్పియ్యకపోదునా?" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. నేను భయపడింది ఈ మనిషికా?

27 అక్టోబరు

దీపావళి మర్నాడు. రుక్కి గంపతో వచ్చింది. లోపల రెండు పిల్లలు, ఒకటి పొడలది, అచ్చం తల్లి.

"గివ్వి మీ పాలు" అంది.

మిగిలినవి నాలుగు. చెరిసగం.

"నాలుగూ నువ్వే ఉంచుకో రుక్కీ, మాకెందుకే" అంది బుచ్చి.

"గట్లెట్ల అక్కా? మాట మాటే. కోడినే కాపాడకపోతి. పాలు గుడ ఎగవెట్టుమంటవా?"

అప్పుడు చెప్పాను. "రుక్కీ, గా మందు సచ్చిన మందు. మెయిన్ నేనే బందువెట్టిన. ఎర్కుండే ఏసిన." బుచ్చి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

రుక్కి గంప అంచు సరిచేసుకుంటూ, "అనుమానం నాకూ వచ్చింది సారు" అంది.

"ఎట్ల?"

"ఎప్పుడొచ్చినా ఫ్లాస్కుల ఐసు వెట్టుకోని తెస్తవు. ఐసు లేకుంటె గవ్వి ఉత్త నీళ్లే అని నువ్వే జెప్పినవు, తండల అందరి ముంగట. గా దినం అంగి జేబులకెల్లి తీసినవు. మా ఆయన గుడ మొన్న నీ ముంగట్నే గదే అడిగిండు, ఐసు తెచ్చిండ్రా సారు అని. లేదన్న."

"మరి వద్దనకపోతివి?"

ఆలోచించింది. "నువ్వు సారువు. నీకంటె నాకెక్కువ ఎర్కనా? వేరే మందేమో అనుకున్న." గంప మీది గుడ్డ మడిచి, "అనుకోకుంటె ఎట్ల సారు? ఇంకెవలున్నరు?" అంది.

తిట్టినా బాగుండేది. లేచి, కొంగు దులుపుకుని, బుచ్చికి చెప్పి పోయింది. నాకు చెప్పలేదు. రెండు పిల్లలూ వంటింట్లో తిరుగుతున్నాయి. ఈకలు నిండాయి, వాటికి బల్బు అక్కర్లేదు. అయినా పెట్టెలో బల్బు వేశాను.

8 నవంబరు

కొత్త మందు వచ్చింది. ఫ్లాస్కు మెడదాకా ఐసు నింపాను. బుచ్చి మా రెండు పిల్లలనూ రుక్కికి ఇమ్మని గంపలో పెట్టి ఇచ్చింది. వేణు బండి మీద తండాకు పోయాం.

ఆడవాళ్లు మిగిలిన కోళ్లను పట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు రుక్కి, చెరో చంకలో ఒక్కోటి. ఫ్లాస్కు బండ మీద పెట్టాను. సీసా తీయబోతుంటే, "జరాగు సారు" అంది.

మూత తనే తీసింది. లోపల వేలు పెట్టి, ఐసు ఉందో లేదో తడిమి చూసింది. వేలు కొంగుకు తుడుచుకుని, అప్పుడు మొదటి పిల్లను నా చేతికిచ్చింది. చుక్క వేశాను. రెండోది ఇచ్చింది, వేశాను.

ఆమె పక్కకు జరిగింది. వెనకున్నామె ముందుకొచ్చి, తన కోడి ఇవ్వకముందు, తనూ ఫ్లాస్కులో వేలు పెట్టి చూసింది. ఆ వెనకామె కూడా అంతే. మధ్యాహ్నం దాకా, ఒక్కొక్కరే.